చిలకా గోరింకలు దాటిన సముద్రము

(మన సంఘపు ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి ప్రసంగ విషయము మారిషసు ద్వీపపు పక్షులని మన పత్రికలో ప్రకటన వెలువడినది మొదలు, దారిలో ఎదురైనవారందరును నన్నొకటే ప్రశ్న అడుగుచున్నారు. “అయ్యా, బాగేపల్లిలో నీళ్ళ సంగతి ఉన్నది, చింతామణి సంతలో టమాటా ధర సంగతి ఉన్నది. సముద్రం నడుమ దీవిలోని పిట్టల గొడవ మనకెందుకండీ?” ఇది న్యాయమైన ప్రశ్నయే. నన్ను ఆ దీవికి చేర్చినది మా మనుమడు గనుక, ముందు వాని మాట చెప్పెదను.

కిందటి కార్తీకమాసములో మా యింటి ముంగిట కరెంటు తీగపై రెండు గోరింకలు కూర్చుండియుండగా, తొమ్మిదేండ్ల మా మనుమడు వానిని చూపి “తాతా, మైనాలు!” అన్నాడు. “మైనా కాదురా, గోరింక” అంటిని. వాడు నమ్మలేదు. “గోరింక అంటే పెళ్ళిలో చెప్తారే, చిలకా గోరింకా అని, అది కదా? అది నిజం పక్షి కాదు కదా తాతా?” అన్నాడు. మన కర్ణాటక రాష్ట్ర ముద్రపైనున్న గండభేరుండము వలె గోరింకయు కథలలో మాత్రమే ఉండు పక్షి యని వాని నమ్మకము. ప్రతిదినము కంటి ముందర తిరుగు పక్షి యొకటి, చెవిన బడిన పేరొకటి; రెంటికిని నడుమ దారము తెగిపోయినది. తప్పు వానిది కాదు. ఆ పక్షిని చూపి ఆ పేరు చెప్పుటకు ఇంట నేనుండియు తొమ్మిదేండ్లు ఊరకుంటిని.

ఆ సిగ్గుతో గోరింకను గురించి దొరికినదెల్ల చదువసాగితిని. అది నన్ను మారిషసునకు కొనిపోయినది. ఆ దీవిని నేను కన్నులార చూచినవాడను కాను. చదివి తెలిసికొన్నదే చెప్పుచున్నాను.

ఆఫ్రికా ఖండమునకు తూర్పున, మడగాస్కరును దాటిన పిమ్మట, హిందూ మహాసముద్రములో ఆ దీవి యున్నది. వైశాల్యమున మన చిక్కబళ్ళాపురం జిల్లాలో సగము కూడ లేదు. బ్రిటిషువారి యేలుబడిలో బానిసత్వము రద్దయిన కాలమున, 1834 మొదలు 1920 వరకు, చెరకుతోటల పనికై దాదాపు అయిదు లక్షల మంది భారతీయులను అచ్చటికి ఓడలలో తీసికొనిపోయిరి. అందు తెలుగువారును ఉండిరి. గోదావరి సముద్రమున కలియుచోట, కాకినాడకు సమీపముననున్న కోరంగి రేవు నుండి వచ్చినవారగుటచే వారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి. వారి సంతతివారు నేటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు, అమ్మోరు పండుగ చేయుచున్నారు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి.

ఆ దీవి పేరు చెప్పగానే లోకమునకు తోచు పక్షి డోడో. ఆ దేశపు రాజముద్రికపై ఒక ప్రక్క డోడో, వేరొక ప్రక్క జింక నిలిచియుండును. రెండును చెరకుగడలు పట్టుకొనియుండును. మన గండభేరుండము ఎన్నడును లేని పక్షి. వారి డోడో ఉండి పోయిన పక్షి. వంశము చేత అది పావురమే. దీవిలో తరిమి తిను జంతువు లేకపోవుటచే తరతరములుగా ఎగురవలసిన పని తప్పి, రెక్కలు కురుచలై, దేహము పెరిగి, రమారమి మూడడుగుల యెత్తున నేలమీద తిరుగాడెడిది. నేల మీదనే గ్రుడ్డు పెట్టెడిది. 1598లో డచ్చివారి ఓడలు ఆ తీరమునకు చేరినవి. ఓడలతో ఎలుకలు, పందులు, కోతులు వచ్చినవి. డోడోను చూచినట్లు వ్రాసిన నమ్మదగిన వ్రాతలలో కడపటిది 1662 నాటిదని పండితులలో పెక్కుమంది మాట. అనగా మనిషికిని ఆ పక్షికిని నడుమ పరిచయము అరువదినాలుగేండ్లు!

ఇందు నన్ను ఎక్కువ బాధించినది దాని పేర్ల సంగతి. డచ్చివారు మొదట దానికి పెట్టిన పేరునకు ‘వెగటు పుట్టించు పక్షి’ అని అర్థము. ఎంత ఉడికించినను మాంసము మెత్తపడలేదట! ‘డోడో’ అను మాట సోమరి యను అర్థముగల డచ్చి మాట నుండి వచ్చినదని కొందరు, మూర్ఖుడని చెప్పు పోర్చుగీసు మాట నుండి వచ్చినదని కొందరు అందురు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయసు సైతము 1766లో దానికి లాటిను భాషలో ‘చేతగానిది’ అను నామకరణము చేసెను. ఒక్కరైనను దానిని ముద్దుగా పిలిచినవారు లేరు. డచ్చివారికి ముందు ఆ దీవిలో మనుష్యులు స్థిరముగా నివసింపలేదు. కావున దాని కూత విని శకునము చూచిన ముసలమ్మ లేదు, దానిని చూపి బిడ్డకు అన్నము తినిపించిన తల్లి లేదు. ఆ పక్షికి ఒక సామెతయైనను మిగులలేదు. పోయిన తరువాత మాత్రము నాణెములపై, తపాలా బిళ్ళలపై, బజారులోని బొమ్మలపై దాని రూపమే.

డోడోకు మన దేశముతో కూడ కొంచెము సంబంధమున్నది. పదునేడవ శతాబ్దమున సూరతులో రెండు డోడోలను చూచినట్లు పీటర్ మండీ యను ఆంగ్ల యాత్రికుడు వ్రాసెను. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూరు వ్రాసినదని చెప్పబడు డోడో చిత్రము నేడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున నున్నది. డోడో రూపమును తెలుపు చిత్రములలో అది మిక్కిలి నమ్మదగినదని చెప్పుదురు. వేరొక సంబంధము ఇంతకంటె దగ్గరిది. 1865లో జార్జి క్లార్కు అను బడిపంతులు, ‘మార్ ఓ సోంజ్’ అను చిత్తడి నేలలో డోడో ఎముకలను కనుగొనెనని గ్రంథములు చెప్పుచున్నవి. కనుగొన్న తీరు ఎట్టిదనగా, భారతీయ కూలీలు మూడడుగుల నీటిలో దిగి, బురదలో ఉత్త కాళ్ళతో తడవి తడవి ఎముకలను పైకి తీసిరి. పంతులుగారి పేరు నిలిచినది. కాళ్ళతో వెదకినవారిని ‘కూలీలు’ అని మాత్రమే వ్రాసినారు. వరిమడిలో దిగి నారు నాటినవారికి బురదలోని వస్తువు రాయియో వేరో ఎముకయో అరికాలికి తెలియును గదా!

పేరు చెడ్డదైనచో పక్షికి కీడు ఎట్లు కలుగునో ఆ దీవిలోనే వేరొక దృష్టాంతమున్నది. అచ్చటి అడవిలో మాత్రమే నివసించు ఒక చిరుడేగ గలదు. దాని ముఖ్యాహారము చెట్లపై తిరుగు పచ్చని బల్లులు. ఐనను జనులు దానికి ఫ్రెంచి మాటలలో ‘కోళ్ళను తినునది’ అని పేరు పెట్టి, కనబడినచోట కాల్చిరి. అడవులు నరికివేయుట, మలేరియా దోమలకై చల్లిన డి.డి.టి. మందు, కోతులు గూళ్ళను దోచుట, ఇవన్నియు తోడైనవి. 1974 నాటికి అడవిలో ఆ డేగలు నాలుగు మాత్రమే మిగిలినవి. నాలుగు వందలు కాదు, నాలుగే!

ఇక గోరింక సంగతికి వత్తును. 1762లో ఆ దీవి ఫ్రెంచివారి యేలుబడిలో నుండగా, ఎర్ర మిడుతలు పంటలను తినివేయుచుండెను. మిడుతలను అణచుటకై మన దేశము నుండి గోరింకలను ఓడలో తెప్పించిరి. అనగా కోరంగీలకంటె డెబ్బదియేండ్ల ముందే గోరింకలు ఆ సముద్రమును దాటినవి! భాష తెలియని దొరల నడుమ, పేరెరుగని చెట్ల నడుమ ఓడ దిగిన గోదావరి రైతునకు చెరకుతోట గట్టున మొదట కనిపించిన పరిచితమైన ముఖము గోరింకదే అయియుండునని నా ఊహ. పాలపిట్ట అచ్చట లేదు. దసరానాడు చూడవలసిన పక్షి లేని దేశములో, పెండ్లిపాటలోని పక్షి మాత్రము ఉన్నది.

దాని జత యేమైనదందురా? 1886 ప్రాంతమున మన రామచిలుకయు ఆ దీవిలో స్థిరపడినది. పంజరములో తెచ్చుకొన్న చిలుకలు తప్పించుకొని పెంపొందినవి. 1892లో మూడవ చుట్టము, నెత్తిన తురాయియు చెంపపై ఎర్రని మచ్చయు గల పికిలిపిట్ట వచ్చినది. వధూవరులను చిలకా గోరింకల వలె నుండుడని మనము దీవింతుము. ఆ దీవిలో అడవిని కాచువారు ఈ జంటను తలచినచో నిట్టూర్తురు. ఎందుకనగా, ఆ దీవికి సొంతమైన చిలుకజాతి యొకటున్నది. చెట్టుతొర్రలలోనే గూడు కట్టును. మన రామచిలుకయు, గోరింకయు తొర్రల కొరకే వెదకును. పాత చెట్లు నరకబడి తొర్రలు కొరవడినచోట, దీవి చిలుకకు ఇల్లు దొరకలేదు. 1980ల నాటికి అవి పదింటికి అటునిటుగా మాత్రమే ఉండెను. పికిలిపిట్ట యేమో తోటలలో పండ్లు తిని, పైదేశపు పొదల గింజలను అడవి నిండ వెదజల్లుచున్నది. మన పెరటిలో ముద్దుబిడ్డలైనవి ఆ యింట ఆగడము చేయుచున్నవి.

ఇచ్చట ఒక మాట. దేశవాళి పక్షి, వలస పక్షి యని నేననుచుండగా వెనుక వరుసలో ఒకరిద్దరు చిరునవ్వు నవ్వుట చూచితిని. ఈ లెక్కను మనుష్యులకు వర్తింపజేయుట నా యుద్దేశము కాదు. పక్షులకు ఓడ టిక్కెట్టు కొన్నది మనుష్యులే. తప్పు గోరింకది కాదు. మన సంగతి అంతకంటె వేరు. ఈ నేలపై తెలుగును కన్నడమును తరతరములుగా ఒకే అరుగుపై కూర్చున్నవి. కైవారము తాతయ్యగారు రెండు భాషలలోను పాడిరి. మనము గోరువంక యన్నదానిని మన పొరుగింటివారు గొరవంక యందురు. ఎవరు ఎవరి నుండి నేర్చినారో పక్షినే అడుగవలెను.

మారిషసులో మిగిలిన పక్షుల కథ సంతోషదాయకము. 1979లో కార్ల్ జోన్సు అను శాస్త్రజ్ఞుడు అచ్చటికి పోయి, డేగల గూళ్ళ నుండి గ్రుడ్లను తెచ్చి పొదిగించి, ఆ తల్లులు మరల గ్రుడ్లు పెట్టునట్లు చేసి, పిల్లలను పెంచి అడవిలో విడిచెను. నాలుగు డేగలు కొన్ని వందలైనవి. 1990 నాటికి పదికి మించని గులాబిరంగు పావురములును, ఆ దీవి చిలుకయు ఇప్పుడు వందల సంఖ్యలో ఉన్నవి. గులాబి పావురము డోడోకు దూరపు చుట్టము. అన్న పోయినను తమ్ముడు దక్కినాడు.

ఇప్పుడు సముద్రము దాటి మన ఊరికి వత్తము. దీవి యనగా చుట్టును నీరుండవలెనని లేదు. నందికొండనెక్కి చూడుడు. 4,851 అడుగుల యెత్తున చల్లని చెట్లగుంపు, చుట్టును ఎండిన మైదానము. పడమటి కనుమలలో నుండవలసిన నీలగిరి అడవిపావురము ఆ కొండమీదను కనిపించును. రాతికొండల పొదలలో తిరుగు పసుపు గొంతు పికిలి దక్షిణదేశమున తప్ప లోకమున మరెచ్చటను లేదు. అది నందికొండపై నున్నది, మదనపల్లి దగ్గరి హార్సిలీ కొండపైనను ఉన్నది. ఆదివారమునాడు నందికి కార్లలో వచ్చి మంచును ఫొటో తీసికొని పోవువారు వందలమంది. ఆ పికిలిని చూచిపోవువారెందరు? నేనును అరువదియేండ్లు దాటిన పిదపనే చూచితిని.

పేరు పక్షిని కాపాడిన కథ యొకటి మన కడప సీమలోనే జరిగినది. 1848లో జెర్డాను అను ఆంగ్ల వైద్యుడు లోకమునకు తెలిపిన ఒక పక్షి, 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని అందరును నమ్మిరి. పండితులు వచ్చి బొమ్మ చూపగా, పల్లెజనులు దానిని గుర్తించి కలివికోడి యనిరి. పుస్తకములలో చచ్చిన పక్షి పల్లెవారి నోట బ్రతికియున్నది! 1986 జనవరిలో స్థానికుడొకడు రాత్రివేళ దానిని సజీవముగా పట్టి తెచ్చెను. లంకమల అడవిని దాని కొరకే అభయారణ్యము గావించిరి. ఐనను పేరొక్కటే చాలదు. పొదలు పోయినచో పిట్టయు పోవును. ఇటీవలి కాలమున కలివికోడి కంటబడుట మిక్కిలి అరుదైనది.

మన బాగేపల్లి నుండి సరిహద్దు దాటినంతనే రెండు స్థలములున్నవి. ఒకటి లేపాక్షి. రావణుని చేత రెక్కలు తెగి పడిన జటాయువును చూచి శ్రీరాముడు “లే, పక్షీ” అనెనని, దానివలన ఊరికి ఆ పేరు వచ్చెనని మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. ఒక పక్షిని పలుకరించిన మాటయే పేరైన ఊరు మనకు పొరుగున నుండుట సామాన్యము కాదు. కాని జటాయువు ఏ పక్షి? గ్రద్దజాతి, రాబందు. లేపాక్షిలో దండము పెట్టి వచ్చిన నోటితోనే, పేదవాని సొమ్ము తిన్నవానిని ‘రాబందు’ అని తిట్టుదుము. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందు, చచ్చిన పశువు మాంసము ద్వారా రాబందులకు విషమై, దేశమంతట వానిని నశింపజేసినది. 2006లో ఆ మందును పశువులకు వాడరాదని నిషేధించిరి. మన రాష్ట్రమున రామనగరము కొండలలో 2012లో రాబందుల అభయారణ్యము ఏర్పడినది. కొండపేరు రామదేవర బెట్ట. జటాయువునకు ఆ మాత్రపు ఋణమైనను తీరినది.

రెండవది చిలమత్తూరు మండలములోని వీరాపురము. సంక్రాంతి దినములలో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టును. ఆ ఊరివారు వానిని కొట్టరు, కొట్టనీయరు. కొంగలు వచ్చిన యేడు వానలు పడునని వారి నమ్మకము. శాస్త్రము దానిని తిరుగవేసి, చెరువులలో నీరున్న యేడే కొంగలు వచ్చుననును. ఏదైనను కొంగకు మేలే. రెట్ట వాసనను, కూతల గోలను నెలల తరబడి సహించుట మాటలు కాదు. మన పట్టణపు ఇంటిముందు చెట్టుపై పది కొంగలు వ్రాలినచో కొమ్మలు కొట్టించువారు మనలోనే గలరు.

ఆచారము సర్వదా పక్షికి మేలు చేయునని నేను చెప్పను. పాలపిట్ట కర్ణాటకమునకును తెలంగాణమునకును రాష్ట్రపక్షి. దసరానాడు దానిని చూచుట శుభమని, కొన్ని పట్టణములలో పట్టి, కాళ్ళు కట్టి, పంజరములో ఇంటింటికి త్రిప్పి డబ్బులు దండుకొందురు. పొలము గట్టుకు నడచిపోయి తీగపైనున్న పాలపిట్టను చూచుట మన పెద్దల ఆచారము. పంజరము వారు చెప్పినది కాదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. మారిషసు తెలుగువారికి పాలపిట్ట యను మాట ఉన్నను చూపుటకు పిట్ట లేదు. మనకు పిట్టలున్నవి, మాటలు జారిపోవుచున్నవి. మా మనుమడు బడిలో ఆంగ్లమును, వీధిలో కన్నడమును చక్కగా నేర్చినాడు, అది మంచిదే. కాని గీజగాడు, లకుముకి, తీతువు, జెముడుకాకి, కౌజు, పూరేడు, పసులపోలిగాడు, ఇవి వానికి ఎవరు చెప్పవలెను? బడి చెప్పదు. పసులపోలిగాడు అను పేరు వినుడు: పశువుల వీపుపై కూర్చుండి తిరుగు నల్లపిట్టకు, పసులకాపరితో పాటు పనివాడన్నట్లు ఎవరో పెట్టిన పేరు. పశువులను మేపినవాడు తప్ప మరెవడు పెట్టగలడు ఆ పేరు?

అందుచేత కార్యదర్శిగారి అనుమతితో గుమ్మము దగ్గర బల్లపై ఒక చేతిపుస్తకము పెట్టించితిని. ప్రతి పుటకు మూడు గళ్ళు: తెలుగు పేరు, కన్నడ పేరు, పక్షి గుర్తులు. మీకు తెలిసినది వ్రాయుడు. వ్రాయలేని పెద్దలున్నచో మనుమలు విని వ్రాయుదురు గాక. ఒకే పక్షికి బాగేపల్లిలో ఒక పేరు, చింతామణిలో ఒక పేరు ఉన్నచో రెండును వ్రాయుడు. ఏది సరియని వాదులాడి కొట్టివేయకుడు. మా యింట ఇప్పటికే ఒక తగవున్నది. తోక క్రింద ఎర్రగా నుండు చిన్న నల్లపిట్టయే నల్లంచి యని మా అక్కగారు, కాదు, తెల్లవారుజామున ఇంటికప్పుపై ఈలవేయు తెలుపు నలుపు పిట్టయే నల్లంచి యని మా బావగారు. జెర్డాను దొర తన గ్రంథములో మొదటిదానిని నల్లంచి యనియు, రెండవదానిని పెద్ద నల్లంచి యనియు వ్రాసినాడు. ఈ సంగతి వారికింకను చెప్పలేదు. మొదటి పుటలో రెండు వరుసలు వారి కొరకు ఖాళీగా విడిచితిని. ఇద్దరును ఈ సభలోనే యున్నారు, బయటికి పోవునప్పుడు వ్రాసిపోవుదురు.